తీగల దారి – 7: పొరుగువాడు చెప్పిన తోవ

పగిడ్యాల మండలంలోని ముచ్చుమర్రి దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లోంచి కృష్ణమ్మను మోటార్లతో పైకెత్తుతారు. ఆ నీళ్లలో కొన్ని హంద్రీ-నీవాకు, కొన్ని కె.సి. కెనాల్‌కు పోతాయి. అక్కడికి ఎంతో దూరం లేని పోతిరెడ్డిపాడు దగ్గర గేట్లెత్తితే, నీళ్లు పదహారు కిలోమీటర్ల కాలువ నడిచి బానకచర్ల చేరతాయి. బానకచర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర మూడు తోవలున్నాయి. ఒకటి తెలుగుగంగ, వెలుగోడు జలాశయం వైపు. ఇంకోటి ఎస్సార్బీసీ, గోరుకల్లు వైపు. మూడోది నిప్పులవాగు మీదుగా కె.సి. ఆయకట్టుకు. వచ్చిన నీటిని ఏ తోవన ఎంత వదలాలన్నదే ఆ కట్టడం పని.

రౌటర్ అనే పెట్టె చేసేది కూడా ఇదే. ఒక వైపు నుంచి డేటా వస్తుంది, నాలుగు వైపుల్లో ఎటు పంపాలో తేల్చి పంపేస్తుంది. అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు మనవాళ్లు. నీటికి దారి ఎవరూ చెప్పనక్కర్లేదు, గేటెత్తితే పల్లం చూసుకుని అదే పోతుంది. డేటాకు పల్లం లేదు. ‘ఫలానా ఊరికి నా మీదుగా పోవచ్చు’ అని పక్క రౌటర్ చెబుతుంది, ఈ రౌటర్ నమ్మి అటు తోస్తుంది. ఆ పక్కది తన పక్కదాన్ని నమ్ముతుంది. ఇంటర్నెట్ మొత్తం ఇలా పొరుగువాడి మాట మీద నడుస్తోంది. ఆ మాట ఎప్పుడెప్పుడు తప్పిందో, తప్పినప్పుడు ఏమైందో ఈ భాగంలో చూద్దాం.

గత భాగంలో ట్రంక్ కాల్ దగ్గర ఆగాం. ఆ రోజుల్లో నందికొట్కూరు నుంచి హైదరాబాదుకు మాట్లాడాలంటే ముందు కాల్ బుక్ చేసుకోవాలి, ఎక్స్ఛేంజీ ఆపరేటరు లైను కలపాలి, మాట్లాడినంతసేపూ ఆ లైను మీదే. మధ్యలో మీరు నోరు మూసుకుని ఊరుకున్నా లైను ఖాళీగానే పడుండేది, ఇంకొకరికి పనికొచ్చేది కాదు. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్ ఎవరికి వారే ఆలోచించి ఈ వృథాకు మందు కనిపెట్టారు. సమాచారాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి వదలడమే ఆ మందు. ‘ప్యాకెట్’ అనే మాట డేవిస్ పెట్టిందే.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి ఒకరు తాను మలిచిన విగ్రహం ఫొటో తీసి దూరపు ఊళ్లోని గుడి కమిటీకి ఫోన్లో పంపారనుకుందాం. ఫొటో 300 కిలోబైట్లుంటే అది రెండు వందల పైచిలుకు ప్యాకెట్లవుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో మామూలుగా 1,500 బైట్లకు మించి పట్టవు. అందులోనూ తలకట్టుకు కొంత పోతుంది. ఆ తలకట్టులో ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చు అనే లెక్కలుంటాయి. చివరి లెక్క ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. సున్నాకు వస్తే ప్యాకెట్‌ను అక్కడే పారేస్తారు. దారి తప్పినవి లోకమంతా గిరగిరా తిరుగుతూ ఉండిపోకుండా పెట్టిన ఏర్పాటది. రెండు వందల ముక్కల్లో నాలుగు రాలిపోయినా ఫోన్లు తమలో తాము మాట్లాడుకుని ఆ నాలుగే మళ్లీ తెప్పించుకుంటాయి. శిల్పికి గానీ కమిటీ పెద్దలకు గానీ ఇదేదీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇక ఊళ్లోకి ఈ దారి ఎలా వచ్చిందో చూడాలి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో పుట్టింది. భూమి తవ్వి కేబుల్ పూడ్చాలంటే వేల కోట్లు, ఏళ్ల తరబడి అనుమతులు. దానికి బదులు కరెంటు స్తంభాల మీదే సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ వేలాడదీశారు, విద్యుత్ సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు. ఈ కేబుల్లో లోహం ఉండదు, తన బరువు తానే మోస్తుంది, అందుకే కరెంటు తీగల పక్కన భయం లేకుండా కట్టగలిగారు. మొదటి దశకు అనుకున్న ఖర్చు రూ. 333 కోట్లు. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో మొదలుపెట్టారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు రూ. 149కి నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నది అప్పటి ప్రకటన.

చౌక పనే, తెలివైన పనే. కానీ గాలి వానకు స్తంభం ఒరిగినా, ఎత్తుగా వరిగడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు తగిలినా కేబుల్ తెగుతుంది. అప్పుడు ఇంట్లో బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్రలైటు మిణుకుమంటుంది. “అన్నా, బాక్సులో ఎర్రలైటు పడింది, నెట్టు రాల్యా” అని కేబులాయనకు ఫోన్ పోతుంది. ఆయన వచ్చి ఫైబర్ కొస విప్పి పవర్ మీటర్‌కు తగిలిస్తాడు. మైనస్ ఇరవై చిల్లర చూపిస్తే సరే. మైనస్ ఇరవై ఎనిమిది దాటిందంటే వెలుతురు చాలడం లేదు, ఎక్కడో వంపు గానీ తెగుడు గానీ ఉందని అర్థం. మళ్లీ నిచ్చెన, మళ్లీ స్తంభం.

ఆ కొసలోనే ఒక విశేషముంది. వీధికంతా వచ్చేది ఒకటే ఫైబర్. చిన్న గాజు చీలిక పరికరంతో దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అంటే మీ ఇంటికి రావలసిన వెలుతురు పక్కింటి బాక్సులోకి కూడా పోతుంది, వాళ్లది మీ ఇంటికి వస్తుంది. ఎవరి బాక్సు వాళ్లది మాత్రమే ఏరుకుంటుంది. మరి పక్కింటి కుర్రాడు బాక్సును మార్చి మీది కూడా చదివేస్తే? ఈ పద్ధతికి ప్రమాణాలు రాసినవాళ్లు ఆ అనుమానాన్ని ముందే పెట్టుకున్నారు. అందుకే కిందికి వచ్చే డేటాకు ఒక్కో బాక్సుకు ఒక్కో తాళం చొప్పున గుప్తీకరణ పెట్టే ఏర్పాటును ప్రమాణంలోనే రాశారు. వీధి స్థాయిలో పొరుగువాణ్ని నమ్మొద్దనేది నియమం. ఆ వీధి దాటి, జిల్లా దాటి, దేశాల మధ్య తీగల దగ్గరికి వెళ్తే నియమం తలకిందులైంది. అక్కడ పొరుగువాడు ఏం చెబితే అది వేదం. ఎందుకలా అంటే, వీధి ప్రమాణం 2000 తర్వాతది, అప్పటికి లోకం బోలెడు దెబ్బలు తినుంది. ప్రపంచ దారుల ప్రమాణం అంతకు ముందుతరం మనుషులది.

ఆ తరం కథ 1969 అక్టోబరు 29న మొదలవుతుంది. కాలిఫోర్నియాలో రెండు కంప్యూటర్ల మధ్య ‘లాగిన్’ అని పంపబోతే మొదటి రెండక్షరాలు చేరాక అవతలిది కుప్పకూలింది. ఆర్పానెట్ అలా పుట్టింది. ఐఎంపి అనే పెట్టెలు దానికి రౌటర్లు. ప్రతి ఐఎంపి తన దూరాల పట్టికను పక్కవాళ్లకు సెకనుకు ఒకటి రెండు సార్లు పంపుతూ ఉండేది.

1973లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దగ్గరున్న ఐఎంపికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. అది పంపే పట్టికలో అన్నీ సున్నాలే. అంటే, నెట్‌వర్కులో ఏ చోటికైనా నా నుంచి దూరం సున్నా అని చాటింపు. మిగతా ఐఎంపీలు అదే నిజమనుకున్నాయి. దేశం నలుమూలల నుంచి ప్యాకెట్లు హార్వర్డ్ వైపు పరుగులు తీసి అక్కడే మాయమయ్యాయి. కుట్ర లేదు, దొంగ లేడు. ఒక పాడైన పెట్టె, దాని మాట విన్న బుద్ధిమంతులైన పెట్టెలు, అంతే. ఆ తర్వాత ఇంజనీర్లు పట్టికలకు సరిచూపు సంఖ్యలు జోడించారు, పాడైన పట్టికను గుర్తుపట్టడానికి.

అది చాలలేదు. 1980 అక్టోబరు 27న ఆర్పానెట్ మొత్తం కొన్ని గంటలపాటు పడకేసింది. ఈ ఘటన గురించి ఎరిక్ రోజెన్ రాసిన నివేదిక డిటెక్టివ్ నవల కన్నా రసవత్తరంగా ఉంటుంది. అప్పటికి ప్రతి సమాచార పత్రానికీ 0 నుంచి 63 దాకా వరుస సంఖ్య వేసేవారు, ఏది కొత్తదో తెలియడానికి. 63 తర్వాత మళ్లీ 0. కాబట్టి ‘పెద్ద సంఖ్యే కొత్తది’ అంటే కుదరదు, చక్రం మీద ఎంత ముందుందో చూడాలి. ఒక ఐఎంపిలో లోపం వల్ల పత్రంలోని బిట్లు రాలిపోయాయి. 44 సంఖ్య గల పత్రంలో ఒక బిట్ రాలితే 40, ఇంకోటి రాలితే 8. ఇప్పుడు ఆ చక్రం లెక్క వేయండి. 8 కన్నా 40 కొత్తది. 40 కన్నా 44 కొత్తది. 44 కన్నా మళ్లీ 8 కొత్తది! మూడు పత్రాలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ నెట్‌వర్కు అంతా తిరిగాయి. ప్రతి పెట్టే కొత్తది వచ్చిందని సంబరపడి పాతది పారేసి పక్కవాడికి పంపింది. ఇంక వేరే పనికి ఎవరికీ తీరిక లేదు. తీగ మీద పాడైతే పట్టుకునే ఏర్పాటుంది గానీ, పెట్టె లోపల ఉండగా పాడైతే అది పట్టుకోలేకపోయింది. చివరికి ఫలానా ఐఎంపి పేరుతో వచ్చే పత్రాలను చూడగానే పారేయమని ప్రతి పెట్టెకూ చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా ఒకే ఇంటి గొడవ. ఆర్పానెట్‌కు యజమాని ఒకరే. 1980ల చివరకు నెట్‌వర్కులు పెరిగాయి, యజమానులూ పెరిగారు. వాళ్ల మధ్య దారులు చెప్పుకునే భాష కావాల్సి వచ్చింది. 1989 జనవరిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఇంజనీర్ల సమావేశం జరిగింది. భోజన విరామంలో సిస్కోకు చెందిన కర్క్ లాహీడ్, ఐబిఎంకు చెందిన యాకోవ్ రెక్టర్ కాగితపు రుమాళ్ల మీద ఆ భాషకు రూపం గీశారు. అదే బిజిపి. ఇప్పటికీ ఆ భాషలోనే (నాలుగో కూర్పులో) ప్రపంచమంతా దారులు చెప్పుకుంటోంది. ఆ రెక్టర్‌తో కలిసి 2007లో ఒక ప్రమాణ పత్రం రాసిన జూనిపర్ ఇంజనీరు పేరు కిరీటి కొంపెల్ల. దూరాన ఉన్న ఆఫీసులన్నిటినీ ఒకే గదిలో ఉన్నట్టు కలిపే పద్ధతి అది, దానికి బిజిపినే వాహనంగా వాడారు. పొడి పొడి సాంకేతిక పత్రాల మొదటి పేజీలో ఇలాంటి ఇంటిపేరు కనపడితే కాసేపు ఆగి చూడబుద్ధేస్తుంది.

బిజిపిలో ప్రతి నెట్‌వర్కుకూ ఏఎస్ నంబరు ఒకటుంటుంది. బిఎస్‌ఎన్‌ఎల్‌ది 9829, ఎయిర్‌టెల్‌ది 9498, జియోది 55836. ‘ఈ చిరునామాలు నావి’ అని ఒకరు ప్రకటిస్తే, పక్కవారు తమ నంబరు కలిపి ముందుకు చెబుతారు. రుజువు అడిగే పద్ధతి ఆ రుమాళ్ల మీద లేదు. నేనైతే వాళ్లను తప్పుపట్టను. ఆనాడు ఆ గదిలో ఒకరికొకరు అందరూ తెలిసినవాళ్లే, పని జరగడమే ముఖ్యం.

భారతదేశం ఈ ముచ్చట్లోకి మెల్లగా వచ్చింది. 1986లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ వంటి సంస్థలతో ఎర్నెట్ మొదలైంది. జిల్లా కలెక్టరేట్లను ఎన్‌ఐసి వాళ్లు ఉపగ్రహం ద్వారా కలిపారు. సామాన్యుడికి 1995 ఆగస్టు 15న విఎస్‌ఎన్‌ఎల్ తలుపు తీసింది. ఆ తర్వాత చాలా కాలం ఒక వింత నడిచింది. మన దేశంలోని రెండు కంపెనీల మధ్య నేరుగా తీగ లేకపోతే, ఇక్కడి నుంచి ఇక్కడికే పోవాల్సిన ప్యాకెట్ విదేశం వెళ్లి తిరిగొచ్చేది. ఈ దండగ మాన్పడానికే 2003లో నిక్సి పుట్టింది. కంపెనీలన్నీ ఒక చోట తీగలు తెచ్చి కలుపుకునే కూడలి అది. నంద్యాల నుంచి హైదరాబాదుకు ఫైబర్ దారి మూడు వందల కిలోమీటర్లనుకున్నా వెలుతురుకు పట్టేది మిల్లీసెకనున్నర. దాన్ని సముద్రం దాటించి తేవడం ఎంత విడ్డూరమో చెప్పనక్కర్లేదు.

ఇక అసలు దెబ్బకు వద్దాం. 2008 ఫిబ్రవరిలో పాకిస్థాన్ ప్రభుత్వం యూట్యూబును తమ దేశంలో ఆపేయమంది. పాకిస్థాన్ టెలికాం ఒక దొంగ దారి సృష్టించి, యూట్యూబు చిరునామాలు తనవే అన్నట్టు రౌటర్లకు చెప్పింది. తన ఇంట్లో ఉంచుకోవాల్సిన ఆ మాట బయటికి జారింది. హాంకాంగ్ కేంద్రంగా ఉన్న పిసిసిడబ్ల్యు అనే పై కంపెనీ సరిచూడకుండా దాన్ని లోకానికి చాటింది. మన గడియారం ప్రకారం ఫిబ్రవరి 25న అర్ధరాత్రి దాటి 12:17కి ఇది మొదలైంది.

యూట్యూబు అసలు ప్రకటన కూడా ఉంది కదా, అందరూ దొంగ ప్రకటన వైపే ఎందుకు పోయారు? కిటుకు ఇక్కడుంది. యూట్యూబు చెప్పింది 208.65.152.0/22, అంటే 1,024 చిరునామాల గుంపు. పాకిస్థాన్ చెప్పింది అందులోని 208.65.153.0/24, అంటే 256 మాత్రమే. రెండు దారులు తెలిసినప్పుడు మరింత చిన్న గుంపును సూచించే దాన్నే రౌటర్ ఎంచుకుంటుంది. చిన్న గుంపు గురించి చెప్పేవాడికి ఆ చోటు బాగా తెలుసని దాని లెక్క. మామూలు రోజుల్లో ఇది చక్కటి నియమం, ఆ రోజు మాత్రం అదే ఉరితాడైంది. యూట్యూబు గంటా ఇరవై నిమిషాలకు తేరుకుని, తాను కూడా అదే 256ల గుంపును ప్రకటించింది. ఆ తర్వాత దాన్ని రెండుగా చీల్చి 128ల గుంపులు ప్రకటించింది, ఇంకా చిన్నది గనుక ఇంకా గట్టిగా నమ్ముతారని. రాత్రి 2:31కి పిసిసిడబ్ల్యు ఆ దొంగ దారిని వెనక్కి తీసుకున్నాక గానీ పూర్తిగా చల్లారలేదు.

ఇది పొరుగు దేశం కథే అనుకోవద్దు. 2015 నవంబరు 6న ఎయిర్‌టెల్ నెట్‌వర్కు తనవి కాని 16,000కు పైగా చిరునామా గుంపులను తనవిగా ప్రకటించింది. పరిశీలకులు దాన్ని కుట్రగా కాక పొరపాటుగానే చూశారు. ఎవరో ఒక పెట్టెలో ఒక వరుస తప్పుగా రాస్తే వేల నెట్‌వర్కుల దారి మారిపోగలదన్నది అందులో అసలు భయం.

రుజువు అడిగే పద్ధతి చివరికి వచ్చింది, రుమాళ్ల మీద గీసిన ఇరవై మూడేళ్లకు. దాని పేరు ఆర్‌పికెఐ, మూల పత్రం 2012 నాటిది. చిరునామాలు పంచే సంస్థలు (మన దేశంలో ఇర్రిన్, ఆసియా-పసిఫిక్ మొత్తానికి ఏపినిక్) ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా ఆ చిరునామాల యజమాని ‘ఈ గుంపు ఫలానా ఏఎస్‌కు చెందినది, ఇంతకన్నా చిన్నగా చీల్చి ప్రకటిస్తే ఒప్పుకోవద్దు’ అని డిజిటల్ సంతకంతో పట్టా ప్రకటిస్తాడు. పక్కవాడి మాట వినగానే రౌటర్ ఆ పట్టాతో పోల్చి చూసుకుంటుంది. ఇది అమల్లో ఉండుంటే 2008 ప్రకటన మొదటి గుమ్మంలోనే ఆగేది. అయితే ఇందులోనూ ఒక కంత ఉంది. పట్టా చెప్పేది యజమాని ఎవరన్నదే, మధ్య దారి గురించి కాదు. ‘చివర ఉన్నది అసలు యజమానే, ఆయన దగ్గరికి నా మీదుగా రా’ అని ఒకడు అబద్ధమాడితే పట్టా వాణ్ని పట్టుకోలేదు. మధ్య దారికీ సంతకాలు పెట్టే పద్ధతి కాగితం మీద ఉంది, పెద్దగా అమలు కాలేదు. ప్రతి రౌటర్‌కూ అదనపు పని పడుతుంది, అందరూ ఒప్పుకుంటే గానీ లాభం కనపడదు. లాభం కనపడని పనిని మొదట ఎవరు నెత్తికెత్తుకుంటారు?

మీ ఊరి దారిని మీరే చూడాలనుకుంటే కంప్యూటర్లో ట్రేస్‌రూట్ ఆదేశం ఇవ్వండి. పైన చెప్పిన తగ్గే లెక్కను అది తెలివిగా వాడుకుంటుంది. లెక్క 1 పెట్టి ఒక ప్యాకెట్ పంపుతుంది, అది మొదటి రౌటర్ దగ్గరే సున్నాకొచ్చి చచ్చిపోతుంది, ఆ రౌటర్ తిరిగి కబురు పంపుతుంది. తర్వాత 2, ఆపై 3. అలా ఒక్కో మజిలీ పేరు వరుసగా బయటపడుతుంది. మొదటి వరుసలో 192.168తో మొదలయ్యేది మీ ఇంటి బాక్సు. రెండో వరుసలో చాలాచోట్ల 100.64 లాంటి సంఖ్య కనపడుతుంది. చిరునామాలు చాలక, బోలెడు ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక పెట్టారన్నమాట. సైబర్ నేరం దర్యాప్తులో పోలీసులకు చిరునామా ఒక్కటే సరిపోక, సరిగ్గా ఏ క్షణం, ఏ పోర్టు అని అడగాల్సి రావడానికి కారణమిదే. మధ్యలో నక్షత్రం గుర్తులు వస్తే కంగారు పడొద్దు, ఆ రౌటర్ జవాబివ్వదలచుకోలేదు, అంతే. మొదటి వరుసలోని ఆ బాక్సుకు మాత్రం ఒక పని చేయండి. కొన్నప్పుడు ఉన్న ‘అడ్మిన్, అడ్మిన్’ సంకేతపదం అలాగే ఉంటే మార్చండి. 2016లో మిరాయ్ అనే పురుగు ఇలా మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లోబరచుకుంది. అక్టోబరు 21న వాటిలో కొన్నిటిని, వెబ్‌సైట్ల చిరునామాలు చెప్పే డైన్ అనే ఒకే కంపెనీ మీదికి తోలితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు తెరుచుకోలేదు.

దారి దొంగల చేతిలో పడినా ప్రయాణికుడు బతకొచ్చా? 2018 ఏప్రిల్ 24న దానికి జవాబు దొరికింది. దొంగలు బిజిపిలో అబద్ధపు ప్రకటన చేసి, అమెజాన్ నడిపే చిరునామా పుస్తకపు సేవను సుమారు రెండు గంటలపాటు తమ వైపు తిప్పుకున్నారు. మైఈథర్‌వాలెట్ అనే డిజిటల్ డబ్బు సైటు కోసం వచ్చినవాళ్లకు అచ్చం అలాంటి దొంగ సైటు చూపించారు. దారి చేతికొచ్చింది గానీ, అసలు సైటు డిజిటల్ ధ్రువపత్రం వాళ్ల దగ్గర లేదు. అందుకే బ్రౌజరు తెర మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది. ఆ హెచ్చరిక చూసి వెనక్కి తిరిగినవాళ్ల డబ్బు మిగిలింది. ‘పర్లేదులే, ముందుకు పో’ అని నొక్కినవాళ్లది పోయింది, మొత్తం మీద లక్షన్నర డాలర్ల దాకా.

పేరు చెబితే చిరునామా చెప్పే ఆ పుస్తకమే డిఎన్‌ఎస్. దాన్ని ఎవరు రాశారు, అందులో ఎవరి మాట చెల్లుతుంది అన్నది వచ్చే భాగంలో.

(సశేషం)